తోక లేని మాట

కిందటి వారం టీచరమ్మ నోరు జారిన దగ్గర ఆగాం. ఒకటో తరగతి మూడో బెంచీలో కూర్చునే పాప గురించి, "ఈ పిల్ల ప్రతి మాటకీ చివర మింగేస్తోంది మేడం. ఇక నా వల్ల కాదు, ఆ ప్రత్యేక బడికి పంపించెయ్యండి" అని వరండాలో నడుస్తూ నడుస్తూ, బడి నడిపే పెద్ద మేడంతో అనేసింది. అన్న మరుక్షణం తనకే అదోలా అనిపించింది. కానీ పెద్ద మేడం చెవిన మాట పడడమే ఆలస్యం, పని కానిచ్చేసే మనిషి. పాప తల్లికి కబురు వెళ్ళింది. ఈరోజు భోజనాల గంట కాగానే రమ్మన్నారు.

మాట, చదువు సరిగ్గా పట్టుబడని పిల్లల కోసం పెట్టిన ఆ ప్రత్యేక బడి ఊరికి ఆ చివర ఉంది. మంచి బడే, కాదనను. అవసరమున్న పిల్లలకి అది ఉండాలి కూడా. కానీ ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళిన పిల్లలు మళ్ళీ ఇటు వచ్చిన దాఖలా లేదు. అవసరం లేని పిల్లని అక్కడికి తోసేస్తే ఆ తప్పు ఎవరు దిద్దుతారు? ఆ ప్రశ్న టీచరమ్మని వారం రోజులుగా తినేస్తోంది. పొద్దున ముద్ద దిగక పళ్ళెం పక్కకి నెట్టేసి బయల్దేరింది.

దారిలో తోడికోడలు పక్కనే నడుస్తోంది. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే బడి టీచర్లు. పెద్దావిడ, అంటే మన టీచరమ్మ, ఒకటో తరగతికి అక్షరాల పలుకులు నేర్పి పంపిస్తే, చిన్నావిడ రెండో తరగతిలో వాళ్ళని చదువులో పడేస్తుంది. పొద్దున్నే స్నానాల గది దగ్గర వీళ్ళిద్దరికీ జరిగే యుద్ధాల గురించి ఇంతకుముందే చెప్పాను కాబట్టి మళ్ళీ ఎత్తను.

"అక్కా, ఈ మీటింగు ఇంకో వారం ఆపమని అడక్కూడదూ?" అంది చిన్నావిడ.

"ఎందుకే?"

"ఊరికే."

"ఊరికే ఆపమంటే ఆవిడ ఆపుతుందా? ఏదైనా ఉంటే సరిగ్గా చెప్పి ఏడు."

చిన్నావిడ తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ ఏదో అంది.

"ఏంటీ?"

"ఏం లేదులే. పద, గంట కొట్టేస్తారు."

ఈమధ్య చిన్నావిడకి ఇదో అలవాటైంది. ఏదో అనడం, ఏంటని అడిగితే ఏం లేదనడం. చిన్నావిడే కాదు, ఈమధ్య అందరూ అలాగే తయారయ్యారు. లోకంలో మనుషులకి నోరు విప్పి మాట్లాడటానికి బద్ధకమైపోయిందని టీచరమ్మ లోలోపల విసుక్కుంటూ గేటు దాటింది.

మొదటి గంట పలుకుల పాఠం. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట. ఇంగ్లీషు అక్షరానికి పేరు వేరు, పలుకు వేరు. 'ఎస్' అనేది పేరు. పళ్ళ సందులోంచి గాలి వదిలితే వచ్చే 'స్' దాని పలుకు. పేర్లు ఎన్ని బట్టీ పట్టినా చదవడం రాదు. పలుకులు తెలిస్తే వాటిని ఒకదానికొకటి అతికించుకుంటూ పిల్లలు కొత్త మాటైనా చదివేస్తారు. చిక్కంతా మన నోటితోనే వచ్చింది. మాట చివర ఒక అచ్చు లేకపోతే మనకి ఏదో కొరత. బస్ కాస్తా బస్సవుతుంది, కప్ కప్పవుతుంది, గ్యాస్ గ్యాసవుతుంది. ఆ చివరి 'ఉ'ని టీచరమ్మ తోక అంటుంది. ఆవిడ తరగతిలో తోక తగిలించడమంత నేరం ఇంకోటి లేదు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి "తోక కట్!" అని కేకేస్తే పిల్లలకి అది ఆటలా ఉంటుంది.

ఈరోజూ బోర్డు మీద బస్సు బొమ్మ గీసి, "తోక కట్!" అంది. పిల్లలంతా వేళ్ళతో కత్తెరలు ఆడించి గొంతులు చించుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మొహంలోకి చూస్తూ విడివిడిగా చెప్పించింది. "శభాష్. నువ్వు? శభాష్." మూడో బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహంలో నవ్వు తనకి తెలియకుండానే ఆగిపోయింది.

పాప లేచి నిలబడింది. అరచెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. సెలవుల్లో పైపన్ను ఊడితే తరగతంతా "తొర్రి, తొర్రి" అని ఏడిపించారు. అప్పట్నుంచీ ఆ చెయ్యి అడ్డం పడుతోంది. కొత్త పన్ను వచ్చేసినా చెయ్యి మాత్రం దిగలేదు.

"చెప్పమ్మా."

చేతి వెనక నుంచి 'బ' అని వచ్చి ఆగింది.

"చివర ఏది? మింగేశావా?"

పాప కళ్ళు నిండాయి. మళ్ళీ చెప్పింది. మళ్ళీ 'బ'. అంతే. ఎప్పుడూ ఎవరు తప్పు చెప్పినా పకపకా నవ్వే తరగతి నవ్వలేదు. పక్కన కూర్చున్న పిల్ల టీచరమ్మ వైపు వింతగా చూసింది. ఆ చూపు ఎందుకో ఆవిడకి గుచ్చుకుంది. అయినా మధ్యాహ్నం ఎలాగూ తేలిపోతుంది కదా అని సర్దుకుని పాపని కూర్చోమంది.

పాప తల్లి సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య దొరికిన ఖాళీలో యూనిఫాంలోనే వచ్చేసింది. పెద్ద మేడం గదిలో కుర్చీ అంచున కూర్చుని, పాపని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గోడ గడియారం వైపు చూస్తోంది. వచ్చే ఏడాది పాప చేరాల్సిన తరగతి చిన్నావిడదే కాబట్టి ఆవిడని కూడా పిలిచారు. ఆవిడ తలుపు పక్కన నిలబడింది.

"చూడండమ్మా, దీంట్లో ఎవరి తప్పూ లేదు," అని పెద్ద మేడం మొదలుపెట్టింది. ఆవిడ ఏ కష్టమైన సంగతైనా అలాగే మొదలుపెడుతుంది. "కొంతమంది పిల్లలకి చెవి బాగున్నా పలుకు పట్టుబడదు. అక్కడైతే దానికే వేరే టీచర్లున్నారు. ఇక్కడ మీ పాప వెనకబడిపోతుంది."

"వెనకబడిందని ఎవరన్నారు?" తల్లి గడియారం మీంచి చూపు తిప్పింది. "నేను బస్సు అంటే ఇంట్లో నా ప్రాణం తీస్తుంది మేడం. 'అమ్మా, బస్సు కాదు బస్, తోక వద్దు' అని. నడిపేది నేను, దిద్దేది అది. మా డిపోలో అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాం కూడా. ఇప్పుడేమో దీనికి మాట చివర రావట్లేదంటారు!"

టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిజానికి అది కోపం కాదు, భయం. కానీ బయటికి వచ్చింది కోపంలాగే.

"కన్నతల్లికి పిల్లలేం మాట్లాడినా ముద్దుగానే వినబడుతుందమ్మా. ఇరవై మందిని వినేది నేను. మిగతా అందరూ చెప్తున్నారు. మీ పాప ఒక్కతే చెప్పట్లేదు. నాకేమన్నా దీనిమీద కక్షా?"

"కక్షో ఏమో నాకేం తెలుసు? వారం నుంచి ఇది ఇంట్లో నోరు విప్పడం మానేసింది. అది మాత్రం తెలుసు."

"వాదన దేనికి?" అని పెద్ద మేడం లేచింది. ఫ్యాను ఆపేసింది. వీధి వైపు కిటికీ రెక్కలు మూసేసింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. "పాపా, ఇటు రా. బస్ అని చెప్పు."

పాప తల్లి ఒడి వదిలి రెండడుగులు ముందుకి వేసింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

'బ'.

"చూశారా!" అంది టీచరమ్మ. తన మాటే నెగ్గినందుకు లోపల్నుంచి ఊపిరి తేలిగ్గా బయటికొచ్చింది. ఆ వెంటనే అలా తేలికపడినందుకు సిగ్గేసింది. "చివర లేదు. నేను చెప్పిందీ అదే."

తల్లి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. పెద్ద మేడం ముందు పాపని, తర్వాత టీచరమ్మని చూసింది.

"చెప్పింది కదండీ!" అంది తల్లి.

"ఎక్కడ చెప్పింది?"

"ఇప్పుడే! ఇందరం విన్నాం కదా!"

టీచరమ్మ పెద్ద మేడం వైపు తిరిగింది. ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నాకూ వినబడినట్టే ఉంది టీచర్ గారూ," అంది నెమ్మదిగా.

"మేడం, మీరు కూడానా! పాప కళ్ళనీళ్ళు చూసి జాలిపడి అంటున్నారు. నోరు చూడకూడదు, మొహం చూడకూడదు, ఒట్టి చెవితో వినాలి. పిల్లల చేత రోజూ నేను ఆడించే ఆటే అది. అటు తిరిగి నిలబడి, వినబడిన పలుకు ఏదో చెప్పాలి. ఇప్పుడు నేనే తిరుగుతాను. చెప్పమనండి."

తలుపు దగ్గర్నుంచి చిన్నావిడ, "వద్దక్కా" అన్నట్టు చెయ్యి ఊపింది. టీచరమ్మ అప్పటికే గోడవైపు తిరిగిపోయింది.

గోడ మీద అక్షరాల చార్టు ఉంది. ప్రతి అక్షరం పక్కనా దాని పలుకు గుర్తుండటానికి ఒక బొమ్మ. ఎస్ పక్కన మెలికలు తిరిగిన పాము. బుస కొడితే వచ్చేది స్. ఆ బొమ్మ చూపించి బుసకొడితే ఏటికేడు పిల్లలంతా బెంచీల మీదికి ఎక్కి కిలకిలలాడేవారు. టీచరమ్మ ఆ పాము కళ్ళలోకి చూస్తూ చెవులు రిక్కించింది. ముందే తెలిసిన మాట అయితే మనసు మోసం చేస్తుందని, "ఏ మాటైనా సరే తల్లీ, నీ ఇష్టం. ఎస్ మాత్రం చివర రావాలి," అంది.

గదిలో నిశ్శబ్దం.

పాపకి భయంగా ఉందేమో, కాస్త టైమివ్వాలి అనుకుంది. ఎవరో కుర్చీ జరిపారు. ఆ చప్పుడు బాగానే వినబడింది. అంటే చెవులు బాగానే ఉన్నాయి, అనవసరంగా బెంబేలెత్తానని తనకి తనే చెప్పుకుంది. సన్నగా ఏదో 'యె' లాంటిది ఒకటి గాల్లో తేలినట్టుంది. దాని ముందు గానీ వెనక గానీ ఏమీ లేదు.

"భయపడకమ్మా. చెప్పు. నేనేం అనను."

మళ్ళీ నిశ్శబ్దం.

"చెప్పు తల్లీ, ఎంతసేపు?"

భుజం మీద చెయ్యి పడింది. టీచరమ్మ ఉలిక్కిపడి తిరిగింది. చిన్నావిడ. తను ఎప్పుడు తలుపు దగ్గర్నుంచి ఇంత దూరం నడిచి వచ్చిందో తెలియలేదు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పేసిందక్కా."

"ఎప్పుడు?"

"నువ్వు తిరగ్గానే. నువ్వడిగిన ప్రతిసారీ చెప్పింది. 'యెస్' అంది. బొమ్మలాంటి పలుకక్కా, నువ్వు నేర్పినట్టే ఉంది."

టీచరమ్మ ఒకసారి పాపని, ఒకసారి చిన్నావిడని చూసింది. బల్ల అంచు పట్టుకుంది.

"మరి మిగతా పిల్లలు? వాళ్ళందరివీ వినబడుతున్నాయిగా నాకు?"

చిన్నావిడ ఇంకో అడుగు ముందుకి వేసింది. టీచరమ్మ మొహానికి ఎదురుగా నిలబడి, పెదవులు కదిలించి కదిలించి చెప్పింది.

"వాళ్ళు బస్సు అంటున్నారక్కా. నువ్వు తోక కట్ అంటావు, వాళ్ళు వేళ్ళాడించి బస్సూ అంటారు, నువ్వు శభాష్ అంటావు. పైగా వాళ్ళ నోళ్ళు నీకు కనబడతాయి. దీనికి చెయ్యి అడ్డం. సన్నటి పలుకులు నీ దాకా రావట్లేదు. చివర ఆ 'ఉ' వినబడితే 'స్' కూడా వచ్చేసిందనుకుంటున్నావు, తోక ఉంటేనే నీకు మాట అందుతోందక్కా. నీ తరగతి మొత్తంలో తోక కోసింది ఇదొక్కతే."

అందరికంటే బాగా నేర్చుకున్న పిల్లని, బాగా నేర్చుకున్నందుకే బడి దాటించెయ్యబోయింది. ఆ సంగతి టీచరమ్మ తలకెక్కడానికి ఒక్క నిమిషం పట్టింది. ఎక్కాక ఏడుపొచ్చింది. ఇంతమంది ముందు ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు మాట వినలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చలికాలం నుంచి. నీ దగ్గర్నుంచి వచ్చిన పిల్లలందరివీ తోకలే. భోజనాలయ్యాక కూర్చోబెట్టి నేనే దిద్దుకుంటున్నాను."

"మరి చెప్పలేదేమే నాకు? ఒకే కప్పు కింద పడి ఉంటాం కదా!"

"చెప్పాను." చిన్నావిడ తల దించుకోబోయి, మళ్ళీ గుర్తొచ్చినట్టు పైకెత్తింది. "వంటింట్లో నీ వెనకాల నిలబడి రెండు మూడు సార్లు చెప్పాను. ఎదురుగా వచ్చి చెప్పే ధైర్యం లేకపోయింది. నువ్వు పలకలేదు. పలక్కపోతే బతికిపోయాననుకుని బయటికొచ్చేశాను."

కోపం రావాల్సింది. రాలేదు. ఎప్పుడూ గుండ్రాయిలా ఎదురు నిలబడి పోట్లాడే మనిషి, ఈ ఒక్క విషయానికి ఇంత భయపడిందా అనిపించింది.

టీచరమ్మ వంగి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నీ తప్పేం లేదమ్మా. నాకే వినబడట్లేదు. నిన్ను అనరాని మాటలన్నాను. ఒక్కసారి చెయ్యి తీసి చెప్తావా? నాకు చూడాలనుంది."

పాప తల్లిని చూసింది. తల్లి తలూపింది. చెయ్యి కొంచెం కొంచెంగా దిగింది. కొత్త పన్ను తెల్లగా, పక్కవాటికంటే పెద్దగా ఉంది. నాలుక దాని వెనక్కి చేరి, పళ్ళు దగ్గరయ్యాయి. 'బస్.' ఆ చివరి పలుకు టీచరమ్మకి వినబడలేదు. కనబడింది.

"శభాష్," అంది. ఇంతకాలం అన్న శభాష్‌లన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు.

పెద్ద మేడం ఫ్యాను మళ్ళీ వేసింది. పని తేలిపోయింది కదా అన్న ఊపు వచ్చేసింది ఆవిడకి. "అయితే మంచిదే. పాప ఎక్కడికీ వెళ్ళట్లేదమ్మా, మన దగ్గరే ఉంటుంది. మీరు నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళండి. టీచర్ గారు చెవులు డాక్టరుకి చూపించుకుంటారు, ఈలోపు చిన్న టీచరు సాయం ఉంటుంది. వచ్చే వారం బడి చూడటానికి పైవాళ్ళు వస్తున్నారు. కాబట్టి ఈ సంగతి మన మధ్యే ఉంటే అందరికీ మంచిది. పిల్లకి న్యాయం జరిగిపోయిందిగా."

తల్లి క్షమించినట్టూ లేదు, తిట్టాలన్నట్టూ లేదు. గడియారం చూసుకుని, పాప చెయ్యి పట్టుకుని లేచింది. చిన్నావిడ ఊపిరి పీల్చుకుని కళ్ళు తుడుచుకుంది. మామూలుగా అయితే ఈ వారం కథ ఇక్కడే సుఖంగా ముగియాలి.

కానీ టీచరమ్మ మోకాళ్ళ మీంచి లేవలేదు. నేల వైపే చూస్తోంది. పోయినేడు చలికాలంలో ఇదే గదిలో, ఇలాగే ఒక తల్లి, ఒక పిల్లాడు. ఆ పిల్లాడికి ఒకటే జలుబు. తల్లి మెడచుట్టూ మఫ్లరు చుట్టి మూతి దాకా లాగి పంపించేది. లోపల్నుంచి వాడేదో అనేవాడు, తనకి అచ్చులు తప్ప ఏమీ అందేవి కావు. 'మింగేస్తున్నాడు మేడం' అని ఇదే మాట, ఇలాగే వరండాలో నడుస్తూ అంది. ఆ తల్లి బస్సు నడిపేది కాదు, పోట్లాడే మనిషి అంతకంటే కాదు. టీచర్లకి తెలియదా అని తలూపి, పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు ఎవరూ కిటికీ మూయలేదు. ఎవరూ గోడవైపు తిరగలేదు.

టీచరమ్మ లేచి నిలబడి, "మేడం, పోయినేడు మనం పంపించిన ఆ పిల్లాడు..." అంది.

"టీచర్ గారూ!" పెద్ద మేడం మాట అందుకుంది. తలుపు దాకా వెళ్ళిన తల్లి ఆగింది. పెద్ద మేడం ఆమె వినకూడదని గొంతు బాగా తగ్గించింది. పాపం, ఎవరి దగ్గర గొంతు తగ్గిస్తోందో మర్చిపోయింది. ఆ మాటలు ఒక్కటి కూడా టీచరమ్మ చెవికి చేరలేదు. కానీ ఎదురుగా ఉన్న ఆ పెదవుల మీద అన్నీ అచ్చుగుద్దినట్టు చదివేసింది. 'ఆ పేరు ఈ గది దాటిందంటే, రేపట్నుంచి మీకు ఈ బడీ ఉండదు, ఏ బడీ ఉండదు.'

చిన్నావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఇరవై మంది పిల్లలు, బోర్డు మీది బొమ్మలు, పొద్దున్నే మొదటి గంట. ఇవి తప్ప టీచరమ్మకి వేరే బతుకు తెలియదు. అవి లేని రేపటిని తలుచుకుంటే భయమేసింది. ఆ పిల్లాడు ఇప్పుడెలా ఉన్నాడో, అక్కడ అసలు మాట్లాడటమే మానేశాడో ఏమో అని తలుచుకుంటే అంతకంటే ఎక్కువ భయమేసింది.

పెద్ద మేడం పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

టీచరమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. ఇక ఆవిడ ఏమంటున్నా ఒట్టి గొణుగుడే. తలుపు దగ్గర నిలబడిన తల్లి వైపు చూసి, "ఒక్క నిమిషం లోపలికి వచ్చి కూర్చోండమ్మా," అంది. "పోయినేడు ఇలాగే పంపించేసిన పిల్లాడి ఇంటికి నాతో రావాలి మీరు. నేనొక్కదాన్నే వెళితే వాళ్ళమ్మ ఏమంటుందో నాకు వినబడదు."